డబ్బాలోంచి తీసేసిన వాగ్దానాలు

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఉద్యమం రోజుల్లో తార్నాకలో మా మేనత్త ఇంట్లో ఒక తల్లి కళ్ళు మూసుకుని, వాగ్దానాల డబ్బాలో చెయ్యి పెట్టి తీసిన కార్డు దేవుడిచ్చింది కాదు. నేనిచ్చింది. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన చోట, చెప్పవలసిన రోజున నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పడానికి కారణం మా అమ్మాయి ఫోను. ఈ కొత్త సంవత్సరం నాడు పొద్దున్నే నేను కాఫీ తాగుతుంటే ఫోను నా ముందుకు జరిపి తెర మీద వేలు పెట్టమంది. వేలు పెడితే ఆ ఏడాదికి మనకు రావలసిన వాక్యం వస్తుందట. పెట్టాను. పూల బొమ్మల మధ్య నుంచి, భయపడకుండా ఉన్నచోటే నిలబడి చూడమనే వాక్యం వచ్చింది. నా ముఖంలో ఏం కనిపించిందో, "నచ్చలేదా నాన్నా? ఇంకోసారి నొక్కండి, వేరేది వస్తుంది" అంది. నచ్చినది వచ్చేదాకా నొక్కుకోవచ్చని ఆ పిల్ల మామూలుగానే అన్నది. నేను కాఫీ అక్కడే వదిలేసి బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

మందిరాల్లో పెరిగిన నా వయసు వాళ్ళకు వాగ్దానాల కార్డుల గురించి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతాను. కొత్త సంవత్సరపు ఆరాధనలో ఒక బుట్ట నిండా చిన్న చిన్న కార్డులు పెడతారు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం ఉంటుంది, వరసలో వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే ఆ ఏడాదంతా దేవుడు మనకిచ్చిన మాట అదే. దాన్ని బీరువా తలుపుకి అంటించుకునేవాళ్ళం. చిన్నప్పుడు మా చెల్లెలికి వచ్చిన వాక్యం నాదానికంటే పొడుగ్గా ఉందని నేను ఏడ్చి మార్పించుకున్నాను కూడా. మేనత్త వాళ్ళింటికి హైదరాబాదు వచ్చినప్పుడు ముషీరాబాద్ ఫుట్‌పాత్ మీద చిలక చేత కార్డులు తీయించే జోస్యుడి ముందు నుంచి పోయేటప్పుడు మా నాన్న నా చెయ్యి పట్టుకుని వడివడిగా నడిచేవాడు, అది పాపమని. బుట్టలోనూ చిలకను చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

మా మేనత్త మాత్రం ఆ రెంటికీ మధ్య గోడ కట్టుకోలేదు. మేము గుంటూరు వైపు వాళ్ళం. మామయ్యకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమై హైదరాబాదు వచ్చి, ఆయన పోయాక ఆవిడ తార్నాకలో ఒక పెంకుటింటి వెనక భాగంలో, రెండు గదుల్లో ఒంటరిగా ఉండేది. పిల్లలు లేరు. నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధనకు చేరినప్పుడు నన్ను హాస్టల్లో ఉండనివ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థన చేసేది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ముందుగది నిండిపోయేది. జ్వరం తగ్గని పిల్లలు, నెల తప్పని కోడళ్ళు, ప్రమోషన్ రాని రైల్వే వాళ్ళు, వాళ్ళలో సగం మంది హిందువులు, ఒకరిద్దరు బురఖాల వాళ్ళు. వచ్చినవాళ్ళు నిమ్మకాయ తెస్తే దాన్ని వాక్యగ్రంథం మీద పెట్టి ప్రార్థించేది. మూడు ఆదివారాలు సంచిలో దాచి మందిరానికి తీసుకెళ్ళి తెచ్చిన కొబ్బరినూనెతో నుదుట చుక్క పెట్టేది. దర్గా దగ్గర కొన్న నల్లతాడుకు యేసు నామమంటూ ఏడు ముడులు వేసి చేతికి కట్టేది. చివరికి పాత బిస్కెట్ డబ్బా ముందుకు తోసి వాగ్దానం తీయమనేది. ఆ కార్డు ఏం చెబితే అది.

నేను చదువుకున్నవాణ్ణి, పైగా సంఘంలో యువకుల కార్యదర్శిని. ఇదంతా నాకు తలవంపులుగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నిమ్మకాయలేమిటి అత్తయ్యా, మనం విశ్వాసులం కదా అని. ఆవిడ తాడుకి ముడి వేస్తూ తలెత్తకుండా, "నిమ్మచెట్టుని సాతాను నాటాడంట్రా?" అంది. నా సిగ్గు పోలేదు. అయినా ఆవిడ చూపు మందగించాక అరిగిపోయిన కార్డుల స్థానంలో కొత్తవి రాసిపెట్టింది నేనే. పాత శుభలేఖలు కత్తిరించి, వెనక వైపు స్కెచ్ పెన్నుతో రాసేవాణ్ణి. ఏ కార్డు మీద ఏముందో చూడకుండా చెప్పగలిగేవాణ్ణి.

ఆ చలికాలంలో యూనివర్సిటీ రోడ్లన్నీ ముళ్ళకంచెలే. గేటు నుంచి తార్నాక చౌరస్తా దాకా పోలీసు వ్యాన్లు వరసగా నిలబడి ఉండేవి. బాష్పవాయువు మా సందు దాకా వచ్చేది, అత్తయ్య తువ్వాళ్ళు తడిపి కిటికీలకు కట్టేది. లాబ్‌లో నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అది నిజం. కానీ నేను వెళ్ళి కూర్చోగానే టీ బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి, నా యాస వినిపించకుండా నేనే నోరు కట్టుకునేవాణ్ణి. ఒకే ఒక్కడు మిగిలాడు. జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి చరిత్రలో ఎం.ఏ. చేస్తున్న మిత్రుడు. ఊరేగింపులో ముందు వరసలో ఉండేవాడు, అది కాగానే అందరూ చూస్తుండగా నా భుజం మీద చెయ్యి వేసి క్యాంటీన్‌కి నడిపించేవాడు. "వీడు మా గుంటూరోడు, ఎవ్వలన్న వీన్ని ఏమన్న అన్నరో, వీళ్ళ అత్త మంత్రమేస్తది" అని నవ్వించేవాడు. ఆదివారాలు అత్తయ్య చేతి పప్పుచారు తినడానికి వచ్చేవాడు. అతను పక్కన లేని రోజు నాకు ఆ క్యాంపస్‌లో కాలు పెట్టాలనిపించేది కాదు.

ఒక గురువారం అతను మామూలుగా కాకుండా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఊరి నుంచి తల్లి వచ్చి హాస్టల్లో కూర్చుందట, పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని టీవీలో చూసి నిద్రపట్టక వచ్చిందట, కొడుకును తీసుకుని గాని పోనంటోందట. "నాకు సుత పోతనే మంచిదనిపిస్తుందిరా. అమ్మ గట్ల ఏడుస్తుంటే ఇగ సదువేంది, ఉద్యమమేంది. కొన్నొద్దులు ఊర్లె ఉండొస్తా" అన్నాడు. ఇదివరకు కొడుకును చూడ్డానికి వచ్చినప్పుడు నూనె పెట్టించుకుని వెళ్ళిన ఆ తల్లికి మా అత్తయ్య మీద గురి. రేపు వచ్చి కార్డు తీస్తుందనీ, పొమ్మంటే పొద్దుటి బస్సుకే పోతామనీ, ఉండమంటే ఆమె ఒక్కతే వెళ్ళిపోతుందనీ చెప్పి లేచాడు. అతను వెళ్ళిపోతే రేపటి నుంచి ఎవరి పక్కన నడవాలన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకేదీ నాలో మిగల్లేదు.

శుక్రవారం అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తెరిచాను. లేచి బయలుదేరమనేవి, తల్లి మాట వినమనేవి, సొంత ఇంటికి తిరిగి వెళ్ళమనేవి, దారిలో తోడుంటాననేవి, అన్నీ ఏరి జేబులో పెట్టుకున్నాను. ఉన్నచోట నిలబడమనేవీ, భయపడవద్దనేవీ మాత్రం వదిలేశాను. పట్టుమని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది, వాళ్ళ ఎల్లమ్మ గుడి నుంచి బండారి పొట్లం కట్టి తెచ్చింది. అత్తయ్య వద్దనలేదు. ఆ పసుపు అతని నుదుట తల్లే పెట్టింది, దాని మీద అత్తయ్య నూనె చుక్క పెట్టింది, రెండూ కలిసి ముక్కు మీదికి జారితే అతను తుడుచుకోకుండా బుద్ధిగా కూర్చున్నాడు. తల్లి డబ్బాలో చెయ్యి పెట్టి, చాలాసేపు తడిమి, ఒకటి తీసింది. ఆమెకు చదువు రాదు. నాకిచ్చింది. నేనే చదివాను, భయపడక ఉన్నచోటనే నిలిచి ఉండమని.  ఆమె అత్తయ్య చేతులు పట్టుకుని, "ఇగ నీ దేవుడు జెప్పినంక నేనేమంట అక్కా. వాన్ని నీ కడుపుల పెట్టుకో" అంది. ఆ సాయంత్రం ఒక్కతే బస్సెక్కింది.

నాలుగు రోజుల తర్వాత యూనివర్సిటీ గేటు దగ్గర జనం చెల్లాచెదురైనప్పుడు ఎటు నుంచో వచ్చిన రాయి అతని ఎడమ కంటికి తగిలింది. ఎవరి రాయో ఇవ్వాళ్టికీ తెలియదు. చూపు పోయింది. ఆసుపత్రి నుంచి ఊరికి పోయేముందు ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడి, కేకలు వెయ్యకుండా, "ఉండుమన్నడంటివి గదా అక్కా" అని ఒక్క మాట అంది. అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ వెనకే నిలబడి ఉన్నాను. జేబులో దాచిన కార్డులు అప్పటికి నా పరిశోధన ఫైలులోకి మారాయి.

మాట సందులో పాకింది. ఆ వారమే సంఘపెద్దలు వచ్చారు. నలుగురు. వాళ్ళకు ఆ అబ్బాయి కన్ను కంటే నిమ్మకాయలే పెద్ద విషయం. విశ్వాసి ఇంట్లో తాయెత్తులేమిటి, సోదె ఏమిటి, అన్యుల పసుపేమిటి అని అడిగారు. వాళ్ళలో ఒకాయన భార్య మోచేతికి పైన, రవిక చేతి కింద అత్తయ్య కట్టిన తాడే ఉంది, అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అత్తయ్య ఎవరి పేరూ చెప్పలేదు. తాడు ఉండ, నూనె సీసా తెచ్చి వాళ్ళ ముందు పెట్టి, "నాకు వినిపించేది ఆయన మాటే అనుకున్నానండీ. పొరబడ్డానేమో" అంది. యువకుల కార్యదర్శిగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీకేమైనా తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. కొంతకాలం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని ఆవిడకు చెప్పి వెళ్ళారు. ఆ కొంతకాలానికి ముగింపు చెప్పడం అందరూ మరిచిపోయారు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. రొట్టె పళ్ళెం బయలుదేరగానే అత్తయ్య చివరి బెంచీలోంచి లేచి బయటికి వెళ్ళింది. కిటికీలోంచి కనిపిస్తోంది. గుమ్మం దగ్గర కూర్చుని, అందరూ విడిచిన చెప్పుల్ని జతజతగా సర్దుతోంది. నావి కూడా. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది, నేను రొట్టె తీసుకున్నాను.

ఆవిడ డబ్బా మళ్ళీ తెరవలేదు. శుక్రవారాలు ఆ గదికి ఎవరూ రాలేదు. మిత్రుడు ఊళ్ళోనే బడిపంతులయ్యాడని విన్నాను. ఎవరి కోసమైతే ఆ పని చేశానో అతను లేని క్యాంపస్‌లోనే రెండేళ్ళు ఒంటరిగా నడిచి, పట్టా పుచ్చుకుని, వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి పారిపోయాను. ఆవిడ చేసేది మంత్రాలని సిగ్గుపడినవాణ్ణి, నా కోరికను దేవుడి చేతిరాతగా మార్చి ఒక తల్లి చేతిలో పెట్టింది నేను. ఆ ఇంట్లో నిజంగా చేతబడి చేసినవాడు ఒక్కడే.

నాలుగేళ్ళ కిందట హబ్సిగూడకు బదిలీ అయి వచ్చినా, ఒక్క మెట్రో స్టేషను దూరంలో ఉన్న ఆవిడను పండగలకు పలకరించి, పళ్ళు ఇచ్చి, పది నిమిషాల్లో వచ్చేసేవాణ్ణి. మొన్న ఆ ఫోను చూసిన రోజు మాత్రం పాత ఫైలు వెతికి తీసుకుని వెళ్ళాను. పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంట్ లేచింది, అత్తయ్య పక్క సందులో ఒంటి గదిలో ఉంటోంది, ఎనభై దాటాయి. చౌరస్తా మీదుగా రైలు పోతుంటే కింద ముళ్ళకంచెలు ఉన్న చోట జ్యూస్ బండ్లున్నాయి. కావాలన్న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు నా యాస విని ఎవరూ మాట ఆపరు, అసలు ఎవరి మాటా ఎవరూ వినేంత సేపు ఆగరు. నుదుట నూనె పెట్టించుకోవడానికి ఎవరూ ఎవరి గడపలోనూ కూర్చోరు. వాక్యం కావాలంటే తెర మీద వేలు పెడితే చాలు, ముందు కూర్చుని చెయ్యి పట్టుకునే మనిషి అక్కర్లేదు.

కార్డులు ఆవిడ ఒళ్ళో పెట్టి అంతా చెప్పాను. ఆవిడకు అక్షరాలు కనిపించవు, వేళ్ళతో శుభలేఖ అంచులు తడిమింది. కోప్పడుతుందనుకున్నాను. తడుముతూనే, "అయితే ఆయన నాకు అబద్ధం చెప్పలేదన్నమాట" అంది. తర్వాత నాతో కాదన్నట్టు, "ఇన్నేళ్ళూ ఆయనతో ముభావంగా ఉన్నాన్రా. చెయ్యని దానికి" అంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని అడగబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నా సంగతి తర్వాత. గేటు దగ్గర నిలబడి అడిగింది చూడు, ఆవిడకి జవాబు బాకీ ఉన్నాం. ఫోన్ చెయ్యి, నేను వింటాను."

నంబరు నా దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మిత్రుడే ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టి, "ఏంరా గుంటూరోడా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా" అన్నాడు. ముందు నువ్వు వినాలి, తర్వాత అమ్మకివ్వాలి అని, కార్డులు తీసేసిన సంగతంతా అతనికి చెప్పాను.  తిట్టలేదు, ఫోను పెట్టెయ్యనూ లేదు. ఎవరో నడుస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత ముసలిగొంతు, "ఎవరు బిడ్డా? అక్క మంచిగున్నదా?" అంది. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిగుందమ్మా, పక్కనే ఉంది" అన్నాను. "అమ్మా, ఆ రోజు నీ కొడుకును ఉండమన్నది దేవుడు కాదు, అత్తయ్య కాదు. పొమ్మనే కార్డులన్నీ నేను తీసేశాను, వాడు వెళ్ళిపోతే నాకెవరూ ఉండరని. తప్పు నాది. నన్ను క్షమించమ్మా."