బాల్కనీలో కూర్చున్న సాక్షి

పోయిన నెల మా ఇంటికి కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీకి రమ్మని ఒక ఉత్తరం వచ్చింది. అమెరికాలో పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. కేసంతా విని నేరం జరిగిందో లేదో తేల్చే పన్నెండు మందిలో ఒకరిగా కూర్చోవాలన్నమాట. వెళ్లాను, కానీ నా వంతు రాకముందే కేసు ముగిసిపోయిందని మధ్యాహ్నానికే పంపేశారు. అయితే ఆ పొద్దున, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కొరియావాళ్లూ మనవాళ్లూ కాఫీ కప్పులు పట్టుకుని ఒకే బెంచీల మీద సర్దుకు కూర్చున్న ఆ హాలులో నాకొక పెద్దావిడ గుర్తొచ్చారు.

అది రెండు వేల తొమ్మిది. అప్పుడు మేము వర్జీనియాలోని షాంటిలీలో ఉండేవాళ్లం. ఒంగోలు కోర్టులో ఎనిమిదేళ్లు నల్లకోటు వేసుకున్న నేను, మా ఆయన వీసా మీద ఆధారపడి వచ్చినదాన్ని గనక ఇక్కడ ఏ ఉద్యోగమూ చేయడానికి వీల్లేక, వంటా, మా అమ్మాయి చదువూ చూసుకుంటూ ఉండేదాన్ని. తొమ్మిదో తరగతిలో దానికొక నవల పాఠంగా పెట్టారు. ఈ దేశపు దక్షిణాదిలో చేయని నేరానికి బోనెక్కిన ఒక నల్లజాతి మనిషి, అతని తరఫున వాదించిన ఒక తెల్ల లాయరు, ఇదీ కథ. ఆ కాలపు చరిత్ర మీద ప్రాజెక్టు రాసుకు రమ్మంటే మా అమ్మాయి ఇంటర్నెట్లోంచి రెండు పేజీలు ఎత్తి పెట్టుకుంది. పాత లాయరు బుద్ధి ఊరుకోక నేనూ ఆ నవల చదివాను. నల్లవాళ్లంతా కోర్టు బాల్కనీలో కూర్చుని చూస్తుంటే, కింద పన్నెండు కుర్చీల్లో వాళ్లలో ఒక్కరూ ఎందుకు లేరని అడిగాను.

"అమ్మా, దట్స్ ద హోల్ పాయింట్. వాళ్లని జ్యూరీలో ఉండనియ్యలేదు," అంది మా అమ్మాయి, ఇదీ తెలియదా అన్నట్టు చూసి.

ఇంకాస్త వివరంగా తెలుసుకుందామని ఇద్దరం లైబ్రరీకి వెళితే, అక్కడ వాలంటీరుగా పనిచేసే పెద్దావిడ మా ప్రశ్నలన్నీ విన్నారు. డెబ్బై అయిదు దాటిన నల్లజాతి మనిషి, బడిపంతులుగా చేసి రిటైరైనవారు. పుస్తకాలు తీసి ఇవ్వడానికి బదులు, మమ్మల్ని కూర్చోబెట్టి తన అన్న సంగతి చెప్పారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, వర్జీనియా దక్షిణాన వాళ్ల ఊళ్లో, ఒక కొట్టు పగలగొట్టి యజమానిని కొట్టాడని పదిహేడేళ్ల ఆ అన్నను పట్టుకున్నారట. ఒక్క పూటలో విచారణ ముగించి పదిహేనేళ్లు శిక్ష వేస్తే, ఆరో ఏట జైల్లోనే క్షయతో పోయాడు. ఆ కాగితాలు ఒక్కసారి చూడాలని ఆవిడ మూడుసార్లు ఉత్తరాలు రాస్తే, మూడుసార్లూ ఆ పేరుతో రికార్డు లేదనే జవాబొచ్చింది.

కోర్టు గుమస్తా లేదన్నాడంటే వెతకలేదని అర్థం. అది ఒంగోలైనా ఇంకోటైనా ఒకటే. పాత రికార్డు పేరుతో అడిగితే దొరకదు, తేదీతో పుస్తకం తెప్పించుకుని మనమే తిరగేయాలి. ఆ మాటే చెప్పి, ఆ ఊరి కోర్టుకు నేను తీసుకువెళతానన్నాను. ఆవిడకు అంత దూరం కారు నడిపే ఓపిక లేదు.

మా ఆయనకు ఇది నచ్చలేదు. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద ఉండి మనకెందుకీ కోర్టుల గొడవ? ఏదైనా ఇష్యూ అయితే?"

"అది పబ్లిక్ రికార్డండీ. చూడ్డానికి వీసాతో పనేంటి? నేను వెళ్తాను."

అంత గట్టిగా అనడానికి ఆయనకు కూడా చెప్పని కారణం ఒకటుంది. ఒంగోలులో జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక కొట్లాట కేసులో, మాలపల్లె నుంచి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక కూలీ ఆవిడ మూడు వాయిదాలకు కూలి పోగొట్టుకుని వరండా బయట గొంతుక్కూర్చుంది. ఆమె మాట ఎవరు నమ్ముతారు, అక్కర్లేదులే అన్నారు మా సీనియర్. నేను తలూపాను. ఇంటికి పొమ్మని ఆమెకు చెప్పింది కూడా నేనే. నా కేసేం కాదు గనక అప్పట్లో మరిచిపోయాననుకున్నాను, పెద్దావిడ మాటలు వింటున్నంతసేపూ ఆ మొహమే కళ్లముందు ఆడింది.

దారి నాలుగు గంటలు. మా వైపు రైతులు వర్జీనియా పొగాకని పండించేది ఈ నేల పేరుతోనేనని నేనంటే, ఆవిడ తమ చిన్నతనంలో ఆకును కర్రలకు అల్లి, ఆరబెట్టే బ్యారన్లలో వేలాడదీసిన కబుర్లు చెప్పారు. ఆ పసరు జిగురు చేతులకు పడితే ఎంత తోమినా వదలదని ఇద్దరం ఒక్కసారే అనుకుని నవ్వుకున్నాం. తీరా వెళితే, రికార్డు గది తాళాలున్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. మళ్లీ గురువారం వస్తామని కౌంటర్లో రాయించి, రాసినామె సంతకం కూడా తీసుకున్నాను.

ఆ గురువారం బడికి సెలవు కావడంతో మా అమ్మాయి కూడా వచ్చింది. విచారణ జరిగిందని ఆవిడకు గుర్తున్న ఏటి సెప్టెంబరు పుస్తకం తెప్పించుకుని, ముగ్గురం ఒక్కో పేజీ తిప్పుతూ వెళితే, మధ్యాహ్నానికి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుగా రాసి ఉన్న ఆ కేసు కనబడింది. అర పేజీ. పన్నెండు మంది జ్యూరీ పేర్లు, డిఫెన్సు సాక్షులు లేరని ఒక వాక్యం, ముద్దాయి ఏమీ చెప్పలేదని ఇంకో వాక్యం, శిక్ష.

అన్నకు క్షమాభిక్ష కోసం అర్జీ పెడదామా అని అడిగాను. "తప్పు చేసినవాణ్ని కదమ్మా క్షమిస్తారు," అన్నారావిడ. నకలు మీద ముద్ర వేయించుకుని, పై అంతస్తులో ఉన్న ఆ కోర్టు హాలు ఒక్కసారి చూడనిస్తారా అని గుమస్తాను అడిగారు. నా ఈడు తెల్లామె, కాస్త ఆలోచించి, భోజనాల వేళ గనక పరవాలేదని తలుపు తీసింది.

బాల్కనీ అలాగే ఉంది. ఆవిడ అటు చూసి, కింద సాక్షుల కుర్చీ దాకా మెల్లగా నడిచి వెళ్లి కూర్చున్నారు. కాగితం మొత్తం పైకి చదివారు. చదివి, మా అన్న చెప్పాడు, వీళ్లు రాయలేదు, అన్నారు. ఇంట్లోనే ఉన్నాను, మా చెల్లిని అడగండి అని వేలు పైకెత్తి చూపించాడట. అప్పుడు తనకు పదేళ్లు. బాల్కనీలో లేచి నిలబడితే, నోరు మూసుకుని కూర్చోమని కింది నుంచి ఎవరో అరిచారట.

"ఎవరూ అడగలేదు గనక ఇప్పుడు చెబుతున్నాను," అని, నేరం జరిగిందన్న ఆ సాయంత్రం పొద్దుగూకింది మొదలు ఏం జరిగిందో వరసగా, తడబడకుండా చెప్పారు. మా అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ప్రతి మాటా రాసుకుంది. గుమస్తా భోజనానికి వెళ్లకుండా తలుపు దగ్గరే చివరిదాకా నిలబడి, అంతా అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

ప్రాజెక్టుకు బి గ్రేడే వచ్చింది, చెప్పినదానికన్నా పేజీలెక్కువయ్యాయని. మా అమ్మాయి మార్కుల కోసం ఒక్క వాక్యం కూడా తగ్గించనని టీచరుతో చెప్పి వచ్చిందట.

పెద్దావిడ పోయి చాలా ఏళ్లయింది. నాకు వర్క్ పర్మిట్ వచ్చాక ఒక లాయరాఫీసులో చేరి ఇలాంటి పాత కాగితాలే వెతికిపెడుతూ వచ్చాను. ఇప్పుడు ఆ పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టారు; పొయ్యి మీద టీ మరిగేలోగా ఆ అర పేజీ నా ఫోనులో తెరుచుకుంటుంది. తాళాలవాడి కోసం ఆగనక్కర్లేదు, నాలుగు గంటలు డ్రైవ్ చేయనక్కర్లేదు, పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెప్పే మనిషీ ఉండదు. పని సుళువైంది, మంచిదే. కానీ ముద్దాయి ఏమీ చెప్పలేదని ఆ పేజీలో ఇంకా అలాగే ఉంది. ఆవిడ చెప్పింది విన్నవాళ్లలో ఇవాళ మిగిలింది నేనూ, మా అమ్మాయీ, ఆ గుమస్తా, మేము ముగ్గురమే, అందులో ఇద్దరం ముసలివాళ్లమవుతున్నాం. అందుకే నా మాటల్లో నేనూ రాసి పెడుతున్నాను. ఆ సాయంత్రం ఆ అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. జ్వరంతో పడుకున్న చెల్లెలి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాడు.