ఖో చెప్పని జట్టు

కరోనా సెలవులు ముగిసి బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో, నన్ను కుందుర్పి మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి నియామకం. చిన్న బడుల్లో ఆటలు నేర్పేవారిని పీఈటీ అంటారు, ఉన్నత పాఠశాలలో అదే పని చేసేవారిని పీడీ అంటారు. పిల్లలకు ఈ తేడా పట్టదు, వాళ్లకు అందరూ ఆటల సార్లే. నాకు మాత్రం పట్టేది. మా ముత్తాత కాలంలో ఆ మండలంలో రెండు చెరువుల కింది పొలం మాది. చెరువులు ఎండాయి, పొలం చేతులు మారింది. నా వంతుకు ఇంటిపేరూ, నిటారుగా నిలబడే అలవాటూ వచ్చాయి. ఆ రెండింటినీ ఎవరూ జప్తు చేయలేరు కనుక జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

చేరిన రోజే హెడ్మిస్ట్రెస్ గారు నాకు అండర్-17 బాలికల ఖోఖో జట్టును అప్పగించారు. బడి ఆటల పోటీలు మొదట మండల స్థాయిలో, అక్కడ గెలిస్తే డివిజన్‌లో, ఆపైన జిల్లాలో జరుగుతాయి. పోటీలకు ముందు జట్టు పేర్లతో ప్రధానోపాధ్యాయుల సంతకం పెట్టి ఎంట్రీ పంపాలి. ఒకసారి పంపాక పేరు మార్చడం దాదాపు అసాధ్యం. జట్టు బాగుంది. గట్టి ఎర్రనేల మీద చెప్పుల్లేకుండా పరుగెత్తి పెరిగిన పిల్లలు. కెప్టెన్ గంగరత్న పదో తరగతి. స్తంభం పట్టుకొని గాలిలోకి వంగి ప్రత్యర్థిని తాకడంలో నా ఉద్యోగకాలంలో ఆమెను మించిన పిల్లను చూడలేదు.

ఆట తెలియనివారి కోసం ఒక మాట. రెండు స్తంభాల మధ్య గీత మీద ఎనిమిది మంది, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి, గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో ఆమె ప్రత్యర్థిని తరుముతుంది. దారి కుదరకపోతే కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. అప్పుడు ఆమె లేచి తరమాలి, ఈమె ఆ గడిలో కూర్చోవాలి. తట్టడం ఒక్కటే చాలదు, మాట వినపడాలి. వినపడకపోతే ఫౌలు. ఖో వినకముందే లేచినా ఫౌలే.

జులై మొదట్లో ఒక సాయంత్రం ప్రాక్టీసులో షాహీన్ అనే పిల్ల తరుముతూ వచ్చి గంగరత్న వీపు తట్టి ఖో అంది. గంగరత్న లేవలేదు. షాహీన్ మళ్లీ అరిచింది. తర్వాత వంగి ఆమె ముఖంలోకి చూసి, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"సార్, కెప్టెన్ నిద్రపోతాంది. గురక గూడా పెడతాంది."

మైదానమంతా నవ్వింది. నేను నవ్వలేదు గాని, గొంతుక్కూర్చొని, వేళ్ల మీద బరువుంచి, వీపు వంచకుండా నిద్రపోవడం మామూలు విద్య కాదని అనుకున్నాను. మర్నాడు ఆమె ఖో వినకముందే లేచింది, ఒకసారి కాదు, పదేపదే. ఆ వారంలో ఇంకొన్ని గమనించాను. మధ్యాహ్న భోజనం పళ్లెంలో అలాగే వదిలేస్తోంది. చిన్న మాటకు కన్నీళ్లు పెట్టుకుంటోంది. వాళ్లమ్మ గాలి సోకిందని మెడలో తాయెత్తు కట్టించింది. ఏమైందని అడిగితే గంగరత్న నేల చూస్తూ చెప్పింది: "నా పేరు తీసేయండి సార్. నేను ఉన్నా ల్యాకపోయినా ఒకటే."

పిల్ల నోట అలాంటి మాట వస్తే ఆటకు సంబంధించిన మాటగా తీసుకోకూడదు. ఆ మధ్యాహ్నమే హెడ్మిస్ట్రెస్ గారి అనుమతితో, వాళ్లమ్మను వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసావిడ. మా అందరినీ బయటకు పంపి గంగరత్నతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగానే అడిగిందట. లేదని, అలసిపోయానని పిల్ల చెప్పిందట. తెల్లవారుజాము దాకా ఫోను చూస్తోందని, నెలలుగా సరైన నిద్ర లేదని, నిద్ర లేకపోతే ఈ వయసులో మనసు ఎంతకైనా కుంగుతుందని డాక్టరమ్మ మాకు వివరించింది. ప్రతివారం రమ్మంది. తగ్గకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపిద్దామంది. ఆ ఫోనులో ఏముందో ముందు తెలుసుకోండి అని కూడా అంది.

ఆ చివరి మాట నేను బడికి మోసుకొచ్చేలోపే, ఫోను సంగతి అప్పటికే చెవిన పడ్డ హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆమె నాకు పై అధికారి, ఆజ్ఞ మీద వ్యాఖ్యానించడం నా పద్ధతి కాదు. ఎంట్రీ పంపే గడువు దగ్గరపడుతోందని, గంగరత్న పేరు తీసి మరొకరిని వేయమని కూడా అన్నారు. నేను కొద్దిరోజులు వ్యవధి అడిగాను. ఆట పోతే ఆ పిల్లకు మిగిలేది ఆ మాటే, "ఉన్నా ల్యాకపోయినా ఒకటే" అన్నది. అది నిజమని మేమే సంతకం పెట్టి చెప్పినట్టవుతుంది.

ఫోను పోయాక నిద్ర వస్తుందనుకున్నాం. రాలేదు. పైగా నేను ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో ఎన్నడూ చూడని వింత జరిగింది. ప్రాక్టీసులో జట్టు పిల్ల భారతి తరుముతూ వచ్చి, గీత మీద కూర్చున్న నవ్య వీపు తట్టింది. ఖో అనలేదు. నవ్య లేవలేదు. భారతి మళ్లీ తట్టింది, నోరు తెరవలేదు. ఇంకో చోట ఇంకొకరు పక్క గడిలో పిల్లను వదిలేసి, రెండు గళ్లు దాటి తనకు నచ్చిన పిల్లకు ఖో చెప్పింది. ప్రత్యర్థులు పరుగు మానేసి నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తున్నారు. నేను విజిల్ ఊదాను.

"ఏమైంది? ఖో ఎందుకు చెప్పడం లేదు?"

భారతి షాహీన్ వైపు చూసింది. షాహీనే చెప్పింది. "వాళ్లిద్దరికీ మాటల్లేవు సార్. ఖో గూడా మాటే గదా."

ఆ తర్కం నా నిబంధనల పుస్తకంలో లేదు. ఆమెను పక్కకు పిలిచి అడిగితే సంగతంతా తెలిసింది. ఈ పిల్లల్లో సొంత ఫోను ఉన్నది గంగరత్నకే, ఆన్‌లైన్ క్లాసుల కోసం తండ్రి కొన్నాడు. మిగతావాళ్ల ఇళ్లలో ఫోన్లు నాయనలతో, అన్నలతో పగలంతా చేనికి పోతాయి. రాత్రి వాళ్లు పడుకున్నాకే ఆడపిల్లల చేతికి వస్తాయి. అందుచేత జట్టు మాటలన్నీ అప్పుడే. ఎవరి ఫొటో ఎవరు పెట్టారు, ఎవరు చూసి కూడా చూడనట్టున్నారు, ఎవరు ఎవరిని ఏమన్నారు అనే తగవులు పుట్టేదీ ఆ వేళే, కెప్టెన్ దగ్గరికి వచ్చేదీ ఆ వేళే.

"మా కెప్టెన్ రాత్రంతా కోర్టు నడుపుతాది సార్," అంది షాహీన్. "ఒకరికి జవాబిచ్చి ఇంకొకరికి ఇయ్యకపోతే అలుగుతారు. ఇప్పుడు కోర్టు మూసేసినారు గదా, కేసులన్నీ అట్లే ఉండాయి."

గంగరత్న తండ్రి తిమ్మప్పను రమ్మని బడి నుంచి చీటీ పంపాను. రాలేదు. మళ్లీ పంపాను. ఫోను మీరే పెట్టుకోండి, మాట్లాడాలంటే సారునే రమ్మనండి అని కబురు వచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మేము కబురు పెడతాం, అవతలివారు వస్తారు. ఆ పద్ధతి ప్రకారం ఇంకో చీటీ పంపాలి. గడువు గుర్తొచ్చి, ప్రాక్టీసు కాగానే చొక్కా గుండీలన్నీ పెట్టుకొని నేనే బయలుదేరాను.

తిమ్మప్ప, అతని భార్య, అతని తల్లి నట్టింట్లో వేరుశనగ కుప్ప ముందు కూర్చొని విత్తనం కోసం కాయలు ఒలుస్తున్నారు. మా వైపు వాటిని బుడ్డలంటాం. ఆ ఏడు వాన ఆలస్యమై విత్తనం పని సాగుతూనే ఉంది.

"రండి సార్. యాడ కూర్చుంటారు? కుర్చీ ఒకటుండాది గాని దానికి ఒక కాలు ల్యాదు."

నిలబడే మాట్లాడతానన్నాను.

"మీరు నిలబడితే నేనూ నిలబడాల. ఈ బుడ్డలు ఎవరు ఒలుస్తారు?" అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు: "మా నాయన మీ తాతగారి వాకిట్లో నిలబడినాడు సార్. నేను బడి వాకిట్లో గూడా నిలబడాల్నా?"

నాకు కోపం వచ్చింది. ఆ మాటలో తప్పు వెదికాను, దొరకలేదు. గోనెపట్టా మీద కూర్చున్నాను. ముసలమ్మ ఒక చేటెడు కాయలు నా ముందుకు తోసింది.

"ఊరికే కూర్చుంటే నడుం పట్టుకుంటాది సామీ, నాలుగు ఒలవండి."

ఒలుస్తూ రాత్రి కోర్టు సంగతి చెప్పాను. తిమ్మప్ప చేతులు ఆగిపోయాయి. "సదువుకుంటాంది అనుకొంటిమి సార్. రాత్రి దుప్పట్లో వెలుగు కనపడితే, పాప ఎంత కష్టపడతాంది అని నేను పలకరించేది గూడా మానుకొంటి." ఆన్‌లైన్ క్లాసుల కాలం చాలా ఇళ్లకు ఆ నమ్మకాన్ని నేర్పింది. వెలుగుతున్న ఫోనును వాళ్లు తెరిచిన పుస్తకంగానే చూశారు.

తలుపు పక్కన నిలబడి వింటున్న గంగరత్నను పిలిచి మా తాత సంగతి చెప్పాను. ఆయన అరుగు మీద తగవులు తీర్చేవారు గాని దీపం పెట్టాక ఒక్క తగవూ వినేవారు కాదు. నిద్ర ముంచుకొచ్చేవాడి తీర్పు నిలవదని ఆయన లెక్క.

"అవు సార్," అన్నాడు తిమ్మప్ప. "మా నాయన చెప్తాండె. పొద్దుగూకినాక పోతే రేపు రమ్మంటాండ్రంట. మా నాయనకు నాలుగు తూర్లు రేపే అయినాదంట."

గంగరత్న నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు వినడం అదే.

అక్కడే ఏర్పాటు కుదిరింది. కోర్టు మూయనక్కర్లేదు, వేళ మార్చితే చాలు. ప్రాక్టీసు తర్వాత జట్టు తిమ్మప్ప ఇంటి ముందు చేరాలి. తగవులన్నీ అక్కడ, ముఖాముఖి, కాయలు ఒలుస్తూ. చీకటి పడకముందే అందరూ ఇళ్లకు. దీపం పెట్టాక ఎవరూ కెప్టెన్‌కు కబురు పెట్టరాదు, ఆమె ఫోను అవ్వ దగ్గర ఉంటుంది. హెడ్మిస్ట్రెస్ గారు ఆలోచించి ఒప్పుకున్నారు, బీరువా తెరిచారు. మిగతా తల్లిదండ్రులకు నేను ఇంటింటికీ వెళ్లి చెప్పాను, అప్పటికి అలవాటైంది.

మొదటి సాయంత్రం భారతి, నవ్యల కేసు వచ్చింది. జట్టు ఫొటోలో నవ్య ముఖం సగం కోసి భారతి స్టేటస్ పెట్టిందట.

"కోయలేదే. నీ మొగం పట్టలేదు, మా నాయన ఫోను చిన్నది."

"నీ మొగం మాత్రం పట్టింది గదా?"

"నాది సన్న మొగం."

అందరూ పడీపడీ నవ్వారు. నవ్య కోపం నిలుపుకోవాలని చూసి ఓడిపోయింది. అర్ధరాత్రి అక్షరాల్లో పెరిగి పెద్దదైన తగవు, ఎదురెదురుగా కూర్చొని చేతినిండా పొట్టుతో మాట్లాడేసరికి చేటెడు కాయలు ఒలిచేంతసేపు కూడా నిలవలేదు. అయినా గంగరత్న తీర్పు చెప్పింది: "రేపు ఇద్దురూ పక్కపక్క గళ్లల్లో కూర్చోవాల. ఖో గట్టిగా చెప్పాల. బడికాడ చెప్తే ఈడ మా అవ్వకు ఇనపడాల."

మర్నాటి ఖోకు మైదానం పక్కన మేస్తున్న గొర్రెలు చెదిరిపోయాయి.

నిద్ర ఒక్కరోజులో రాలేదు. మొదట్లో ఫోను లేకపోయినా చెయ్యి దిండు కిందికి పోతోందని గంగరత్న డాక్టరమ్మతో చెప్పింది. నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున ఒకే వేళకు లేవమని, పగలు పడుకోవద్దని ఆమె సలహా. మెల్లగా పళ్లెం ఖాళీ అవడం మొదలైంది. తర్వాత మాట మారింది. ఒకరోజు నేను జట్టు వరుస తప్పుగా చెబితే, "అట్ల గాదు సార్, నన్ను స్తంభం కాడ పెట్టండి" అని నాతోనే వాదించింది. నేను వెళ్లి ఎంట్రీలో మొదటి పేరుగా ఆమెది రాసి సంతకానికి ఇచ్చాను. వాన పడి విత్తనం చేలోకి వెళ్లాక కుప్ప అయిపోయింది. తిమ్మప్ప దిగులుపడ్డాడు, అంత వేగంగా ఒలిచే కూలివాళ్లు అతనికి ఎప్పుడూ దొరకలేదట. కోర్టు మాత్రం మైదానం అంచుకు మారి కొనసాగింది.

మండల పోటీల్లో మేం గెలిచాం. ఖోలు చెవులు పగిలేట్టున్నాయని అంపైరు నాతో సరదాగా ఫిర్యాదు చేశాడు. డివిజన్‌లో రెండో ఆటకే ఓడిపోయాం, అవతలి జట్టు మాకంటే మెరుగైనది. తిరుగు బస్సులో ఎవరూ ఏడవలేదు. ఓటమికి కారణం నువ్వంటే నువ్వని షాహీన్, నవ్య వాదులాడుకుంటే, రేపు సాయంత్రం విచారణ అని గంగరత్న వాయిదా వేసి కిటికీకి తల ఆనించుకుంది.

ఆ ఏడాది నుంచి నేను జట్టు శిక్షణ ప్రణాళికలో పరుగు, వ్యాయామాలతో పాటు నిద్రవేళ కూడా చేర్చాను. నా తర్వాత వచ్చిన పీడీకి బాధ్యతలు అప్పగించినప్పుడు చెప్పింది ఇది. పిల్ల చేతిలోంచి ఫోను తీసుకునే ముందు, ఆ ఫోను ఆమెకు ఏ పని చేసిపెడుతోందో కనుక్కోవాలి, ఆ పనికి పగటివేళ ఒక చోటు చూపించాలి. అది కనుక్కోవాలంటే మనమే ఆ ఇంటికి వెళ్లాలి. చీటీ పంపితే తెలియదు.