కృష్ణమ్మ గంగాళం

నిజాం జమానాలో, పురానాపూల్‌లో పాలమ్మే కృష్ణమ్మకు ఒకరు సలహా చెబితే గిట్టేది కాదు. ఓసారి ఆమె బట్టలుతికే రాగి గంగాళానికి అడుగు పక్కన చిల్లుపడి, వాకిలంతా సబ్బునీళ్లయ్యాయి. గిన్నెలకు మాట్లు వేసే ఖాసిం వచ్చి బొగ్గులు రాజేశాడు.

"మూయకు భాయ్, ఇంకా పెద్దగ చెయ్యి! రోజూ దీన్ని వంచలేక నా నడుము ఇరుగుతుంది" అంది కృష్ణమ్మ.

"దివానీ అయినవా అక్కా, పిచ్చి లేసిందా?" అంటూనే ఖాసిం చిల్లు పెంచాడు.

ఆమె మొక్కజొన్న బెండుకు గుడ్డ చుట్టి అందులో బిగించింది. చుక్క కారలేదు. ఉతికాక బెండు పీకితే మురికినీళ్లు వాటంతటవే మోరీలోకి పోయాయి.

మర్నాడు పక్కింటి పుష్పమ్మ ఖాసిం దగ్గరికి కొత్త గంగాళం ఎత్తుకొచ్చింది.

"ఏడ కారుతుంది?" అడిగాడు ఖాసిం.

"ఏడా కారతలేదు భాయ్. గదే లొల్లి. జర బొక్క కొట్టు!"