గల్లీలో ఆపిన ప్రెస్ బండి

నా స్కూటర్ ముందు భాగాన ఎర్రటి అక్షరాలతో ‘ప్రెస్’ అని ఉండేది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్టిక్కర్లు కోసే దుకాణంలో దగ్గరుండి చేయించాను. దుకాణాయన చిన్న సైజు చూపించాడు, మధ్య సైజు చూపించాడు. రెండూ నా కంటికి ఆనలేదు. చివరికి ఆటోల వెనక దేవుడి పేర్లు రాయడానికి వాడే సైజులో కోయించుకుని, మధ్యలో గాలి బుడగ లేకుండా చెయ్యి అడ్డంగా రుద్ది మరీ అతికించాను.

ఇంటికి వెళ్లగానే నా భార్య గేటు దగ్గరే ఆగి చూసింది. ఆమె స్కూల్లో లెక్కల టీచరు, దేన్నైనా ముందు కళ్లతో కొలుస్తుంది.

“నంబర్ ప్లేట్ కంటె పెద్దగుంది. గంత అవసరమా?”

“సేఫ్టీ కోసం. మీద చెయ్యి వెయ్యాలంటే ఎవడన్న ఒకసారి ఆలోచిస్తడు.”

“నీ మీద చెయ్యేసేటంత ఏం రాసినవ్ ఇప్పటిదాంక?”

ప్రశ్నలో న్యాయం ఉంది కాబట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

ఒక దినపత్రికలో ఇరవై ఏళ్లు డెస్కులో పనిచేశాను. ఎవరో ఎండలో తిరిగి తెచ్చిన వార్తలకు ఫ్యాను కింద కూర్చుని శీర్షికలు పెట్టడం నా పని. ఆ ఉద్యోగం పోయాక స్వతంత్ర జర్నలిస్టునయ్యాను. మా వృత్తిలో ఉద్యోగం పోయినవాడికి ఉన్న గౌరవమైన పేరు అదే. పడకగదిలో బీరువాకూ మంచానికీ మధ్య కుర్చీ వేసి, వెనక పాత ఆకుపచ్చ దుప్పటి కట్టి, ఒక యూట్యూబ్ చానల్ పెట్టాను. చూసేవాళ్లు మా బావమరిది, కాలనీ వాట్సాప్ గ్రూపులో కొందరు పెద్దమనుషులు, పొరపాటున వచ్చినవాళ్లు. వారానికోసారి పత్రికా స్వేచ్ఛ గురించి మాట్లాడేవాణ్ణి. అది నాకు చాలా ఇష్టమైన విషయం. ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరికీ తగలదు, తిరిగి మనకూ తగలదు.

ఆ రోజుల్లోనే నాచారం దవాఖానాలో బీపీ బిళ్లల కోసం లైన్లో నిలబడ్డాను. నా ముందున్న ఆవిడ కొంగుముడిలోంచి చీటీ తీయలేక తంటాలు పడుతోంది. వేళ్ల కొసల మీద తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. నేనే ముడి విప్పి చీటీ తీసిచ్చాను.

“ఏమైందక్క చేతులకు?”

“డ్రమ్ములు కడుగుత తమ్మీ,” అంది, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. మెదక్ దిక్కు ఊరు. భర్తతో వచ్చింది, భర్త పోయాడు, పని మాత్రం మిగిలింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు ఖాళీ అయ్యాక వాటి లోపల చెయ్యి పెట్టి రుద్దాలి. అట్లా రుద్దే ఆడవాళ్లు పది మంది దాకా ఉన్నారు. “గ్లౌజులియ్యరా?” అని అడిగాను.

“ఇస్తరు. తనిఖీకొచ్చిన దినం ఇస్తరు. వాళ్లు వోయినంక లెక్కవెట్టి బీరువల పెడ్తరు.”

ఇరవై ఏళ్లు శీర్షికలు పెట్టినవాణ్ణి, ఆ మాటలోనే నాకు శీర్షిక కనిపించింది. కెమెరా ముందు చెప్తావా అని అడిగాను. ఆమె తన చేతుల వంక చూసుకుంది.

“చెప్తగని, నేనని ఎవ్వలకు తెల్వొద్దు తమ్మీ. పని వోతది.”

నా ప్రాణం పోయినా తెలియదని మాటిచ్చాను. అట్లాంటి మాటలు నాకు బాగా వచ్చు.

ఎట్లా రావాలో కూడా ఆమే చెప్పింది. వాళ్ల గల్లీలో సగం ఇళ్లు చర్చికి వెళ్లేవాళ్లవే. ఆదివారం ప్రార్థన అయ్యాక ఏ ఇంట్లో చూసినా చుట్టాలుంటారు. ఇంకొక మనిషి ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. “చుట్టం లెక్క రా,” అంది.

నేను తూచా తప్పకుండా చుట్టంలాగే వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. డజను అరటిపండ్లు కొన్నాను. కెమెరా స్టాండును దుప్పట్లో చుట్టి, ఊరి నుంచి సామాను తెచ్చినట్టు భుజాన వేసుకున్నాను. గల్లీలో ఎదురైనవాళ్లు “వందనాలు అన్నా” అంటే నేనూ “వందనాలు” అని నవ్వాను. ఎంత సహజంగా కలిసిపోయానో అని నాలో నేనే మురిసిపోయాను. ఎండకు సీటు కాలుతుందని స్కూటర్‌ను ఆమె గుమ్మం పక్క నీడలో, ముందు భాగం వీధికి తిప్పి పెట్టాను. రెండు గంటలు అక్కడే ఉంది.

ఆమె బగారన్నం, కోడికూర పెట్టింది. తిన్నాక తలుపు దగ్గరికేసి, గోడకు ఆనుకుని కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చెప్పింది. ఒకసారి మాత్రం కొంగుతో చేతులు కప్పుకుంది. చేతులు మండుతాయని చర్చిలో చప్పట్లు కొట్టడం మానేశానని చెప్పినప్పుడు.

ఎడిటింగ్‌లో నేను చూపించిన జాగ్రత్త ఇంతా అంతా కాదు. మొహం మసక చేశాను. గొంతు మార్చాను. గోడ మీది బైబిల్ వాక్యాల క్యాలెండరు మసక చేశాను. పొయ్యి పక్కన ఉన్న కుక్కర్‌ను కూడా వదల్లేదు.

“కుక్కర్ ఏం పాపం జేసింది?” అంది నా భార్య వెనక నిలబడి.

“ఎవరన్న గుర్తువడ్తరు. సమాచారం ఇచ్చినోళ్లను కాపాడుకోవాలె, అదే మా వృత్తి ధర్మం,” అన్నాను.

వీడియో మంగళవారం పెట్టాను. సాయంత్రానికి మా బావమరిది కాని మనుషులు కూడా చూడటం మొదలుపెట్టారు. మర్నాడు ఫోన్ వచ్చింది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది.

“అన్నా, నమస్తే. మీ వీడియో సూసినం, మంచిగ జేసిన్రు. మీ ఇంటి ముంగట వేపచెట్టు గూడ మస్తుంది.”

అంతే, పెట్టేశాడు. భార్యకు చెబితే, “ఆ చెట్టు పక్కింటోళ్లది గద,” అంది ముందు. తర్వాత ఆ మాట వెనక మాట అర్థమైంది. గేటుకు తాళం వేసి వచ్చింది.

తర్వాతి రోజు ఎవరో స్కూటర్ చక్రాల గాలి తీశారు. ఆ వెంటనే ఫ్యాక్టరీ తరఫున పరువు నష్టం కింద వకీలు నోటీసు వచ్చింది. పోలీస్ స్టేషన్‌కు వచ్చి కలవమని కబురొచ్చింది. వెళితే అక్కడి ఎస్సై టీ ఇప్పించి, ఏ పత్రికని అడిగాడు.

“ఇండిపెండెంట్ సార్.”

“అంటె ఏ పత్రిక గాదు.”

“అవును సార్.”

“మరి మీ వెనక ఎవరున్నరు?”

పడకగదిలో ఆకుపచ్చ దుప్పటి గుర్తొచ్చింది కానీ చెప్పలేదు.

భయపడ్డాను. నిజం ఒప్పుకోవాలంటే, భయంతో పాటు కొంచెం సంబరం కూడా కలిగింది. ఎన్నాళ్లకు నన్ను కూడా ఒకరు బెదిరించారు. గాలి పోయిన చక్రం ఫోటో పెట్టి, ‘బెదిరింపులకు లొంగేది లేదు’ అని రాసి, తలుపు గొళ్లెం మూడుసార్లు చూసుకుని పడుకున్నాను. మర్నాడు నాకు తెలిసిన వకీలు ఒకాయన, కొన్నాళ్లు వీడియో కనిపించకుండా పెట్టమన్నాడు. తీసేయడం కాదట, దాచడమట. ఆ తేడా నాకు బాగా నచ్చింది. రెండు బటన్లు నొక్కితే పనైపోయింది. భార్యకు కూడా చెప్పలేదు.

ఆ ఆదివారమే ఏఎస్ రావు నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పత్రికా స్వేచ్ఛ మీద సభ. నా చక్రం ఫోటో చూసినవాళ్లు పిలిచి శాలువా కప్పారు. నలభై నిమిషాలు మాట్లాడాను. కలం ఆగదన్నాను. నేను కలం పట్టుకుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. దాచిన వీడియో ఉన్న ఫోన్ నా జేబులోనే ఉంది. చప్పట్లు బాగా పడ్డాయి, నేను ఇంకో పది నిమిషాలు పొడిగించాను.

మర్నాడు పొద్దున ఆ శాలువా సంగతి అక్కకు చెప్పి వద్దామని నాచారం వెళ్లాను. ఆమె డ్యూటీకి వెళ్లి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆమె ఇంట్లోనే ఉంది. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కోస్తోంది.

“సెలవా అక్క?”

“సెలవే తమ్మీ. ఇగ రోజు సెలవే.”

వీడియో వచ్చిన మూడో రోజే గేటు దగ్గర ఆపేశారట. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఇల్లు పక్క గల్లీలోనే, వచ్చేది అదే చర్చికి.

“మొహం గుర్తువట్టలే. గొంతు గుర్తువట్టలే. ఆదివారం మీ ఇంటి ముంగట ప్రెస్ బండి ఎవలదన్నడు. నేనేం జెప్పాలె?”

కుక్కర్‌ను కూడా మసక చేసినవాణ్ణి, ఆమె పేరు గుమ్మం ముందు ఎర్రక్షరాలతో రాసి రెండు గంటలు వీధికి చూపించాను. ఈ జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

“ఆ బండి మీద గది ఎందుకు తమ్మీ?” నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“పైలంగ ఉండనీకి అక్క. ఎవరన్న మీదికొస్తే...” మిగతాది మింగేశాను. ఎవరి భద్రతో ఆమె అడగలేదు.

“పోనీ తియ్. ఇంకో పని సూస్కుంట,” అని ఇంకో బెండకాయ తీసుకుంది. “గా వీడియో ఎట్ల సూడాల్నో జర చెప్పు. నాతోటి పనిజేసేటోళ్లు సూస్తమన్నరు, వెతికితె దొరుకుతలేదంట.”

అప్పుడు చెప్పాను. నోటీసు వచ్చిందని, వకీలు దాచమన్నాడని, తీసేయలేదనీ దాచాననీ. ఆ తేడా అక్కడ ఎందుకో నిలబడలేదు. ఆమె చెయ్యి కత్తిపీట దగ్గర ఆగిపోయింది.

“తీసేసినవా?”

“భయమైంది అక్క.”

“నాకు గూడ అయింది తమ్మీ,” అంది. “అయినా చెప్పిన గద.”

ఫోన్ తీశాను. కళ్లజోడు మరిచిపోయి వచ్చాను, మొదటిసారి తప్పు బటన్ నొక్కితే శాశ్వతంగా తీసేయాలా అని అడిగింది. వెనక్కి వచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, వీడియో మళ్లీ అందరికీ కనిపించేలా పెట్టాను. ఫోన్ ఆమె చేతికిచ్చాను. మసక మొహం, మారిన గొంతు, మసక కుక్కర్. ఆమె చివరిదాకా చూసి తిరిగిచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ పొద్దున కూడా నేను స్కూటర్‌ను అదే నీడలో, అట్లాగే వీధికి తిప్పి పెట్టానని. గబగబా లేచాను.

“యాడికి?”

“బండి పక్కకు పెట్టొస్తనక్క.”

“ఇప్పుడెందుకు, ఉండనీ,” అంది అక్క, కోసిన బెండకాయలు గిన్నెలో వేస్తూ. “సూస్తె సూడనీ. కూసో, అన్నం తిని పోదువు.”