లామినేషన్ చేయించిన మందుల చీటీ

మొన్న మోకాలి నొప్పికి మాత్రలు తెచ్చుకుందామని మందుల షాపుకి వెళితే, కౌంటర్లో అమ్మాయి నా చీటీ తిప్పి తిప్పి చూసి, "ఇది పాతదండి, డాక్టర్ గారి చేత కొత్తది రాయించుకు రండి" అంది. పక్కనున్నాయన నా తరఫున విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ పిల్లకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంటికొచ్చి మోకాలు పట్టుకుని కూర్చుంటే మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా నాన్నగారు రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో లెక్కల మేస్టారు. లామినేషన్ మిషను వచ్చిన కొత్తలో ఆయనకి అదో పిచ్చి పట్టుకుంది. రేషను కార్డు, మా మార్కుల లిస్టులు, ఆఖరికి కరెంటు బిల్లు కూడా. "నన్నూ ఓసారి తీసుకెళ్లి చేయించెయ్యండి, ముడతలు పడకుండా ఉంటాను" అని అమ్మ దెప్పేది. చెల్లెలు పదో తరగతిలో తలనొప్పితో మెలికలు తిరిగిపోతుంటే కాకినాడ తీసుకెళ్లారు. పెద్ద డాక్టరు, ఇసకేస్తే రాలనంత జనం. "అంత పెద్దాయన చేతిరాత, నలిగిపోతే మళ్లీ దొరుకుతుందా?" అని నాన్నగారు ఆ చీటీకీ ప్లాస్టిక్కు వేయించారు. మాత్రలతో నొప్పి తగ్గింది, పిల్ల హాయిగా నిద్రపోయింది. డాక్టరుగారి హస్తవాసి అనుకున్నాం. ఇంటర్‌కి రోజూ బస్సులో రామచంద్రపురం వెళ్లే చెల్లెలి సంచీలోనే ఆ చీటీ ఉండిపోయింది.

రెండేళ్లు గడిచాయి. చెల్లెలు కంచం ముందు కూర్చునే తూలేది. "చదువు ఒత్తిడి" అనేది అమ్మ. "రక్తం తక్కువ" అనేదాన్ని నేను. డిగ్రీ చదువుతున్నాను కదా, నాకు తెలియనిది లేదు. ఆ వేసవిలో పాత పరుపుల దూది ఏకించడానికి మనిషిని పిలిపించాం. చెల్లెలి పరుపు విప్పినాయన చేతులాపి, "అమ్మగారండీ, ఇవేంటండీ దూదిలో?" అన్నాడు. ఖాళీ మాత్రల అట్టలు. కుట్టు కాస్త విప్పి అందులో దాచింది. ఆయన గుప్పిళ్లతో తీసి చాప మీద పోస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు నిలబడిపోయాను.

"ఎవరిచ్చారమ్మా ఇన్ని?" అన్నారు నాన్నగారు. అరవలేదు.

"ఆ చీటీ చూపించి మీ పేరు చెబితే షాపుల్లో అందరూ ఇచ్చేవారండి" అంది చెల్లెలు నేల చూస్తూ. "మానేద్దామని చూశానండి. రెండు రోజులకే చేతులు వణికిపోయేవండి. చచ్చిపోతాననిపించేది."

నాన్నగారు దాని సంచీలోంచి చీటీ తీసి చూశారు. 'పదిహేను రోజులు' అని డాక్టరు రాసింది చెక్కుచెదరకుండా ఉంది. చింపబోతే చిరగలేదు. అమ్మ కత్తెర తెచ్చిచ్చింది.

మర్నాడు మళ్లీ కాకినాడ. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, కొంచెం కొంచెంగా తగ్గించాలన్నారు. ఆ లెక్క ప్రకారం అమ్మే మాత్ర విరిచి చేతిలో పెట్టేది. నాన్నగారు రామచంద్రపురంలో మందుల షాపులన్నీ ఎక్కి దిగారు. సగం మంది ఆయన శిష్యులే, చూడగానే లేచి నిలబడేవారు. "మా అమ్మాయి మాత్రలకి అలవాటు పడిపోయింది నాయనా, నా పేరు చెప్పినా ఇవ్వకండి" అని అందరి ముందూ చెప్పుకున్నారు. పరువు కోసం ప్రాణమిచ్చే మనిషి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం తిని పడుకున్నారు. మేమంతా అలాగే ఉన్నాం అప్పుడు. వండుకున్నాం, తిన్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చెల్లెలు బయటపడింది. అయినా స్నానానికెళ్లి ఆలస్యమైతే అమ్మ తలుపు తట్టేది. పగలు కునుకు తీస్తే నేను లేపి కళ్లలోకి చూసేదాన్ని. దానికి పెళ్లయి, కూతురు పుట్టాక కూడా ఒకసారి పుట్టింటికొస్తే దాని హ్యాండ్‌బ్యాగు వెతికాను. తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ పక్క జిప్పులో కూడా చూడక్కా" అంది, కోపమేమీ లేకుండా. మాత్రలు మానడానికి దానికి మూడు నెలలు పట్టింది. అనుమానం మానడానికి మాకు పదేళ్లూ చాల్లేదు.