ప్రధాని మాట చాటున

ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగి దించుకుంటాం. దీన్ని దించే ముద్ద నాకు దొరకలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

అవి యుద్ధం రోజులు. విశాఖలో దీపాలు ఆర్పించేవారు. పొద్దు పోయాక వేటకు వెళ్లకూడదు. మా జాలరిపేట టీకొట్టులో రేడియో చుట్టూ మూగి ప్రధాని గొంతు వినేవాళ్లం. ఆవిడ భాష మాకు రాదు. అయినా ఆ గొంతు వింటే నడుం నిటారుగా నిలిచేది. పెద్ద పెద్ద దేశాలు కళ్లెర్రజేసినా ఆవిడ జంకలేదని చెప్పుకుని పొంగిపోయేవాళ్లం. ఎవరి మీదైనా అనుమానం కలిగితే వచ్చి చెప్పండి, ఇది ప్రధాని మాట అని పోలీసులు పేటంతా తిరిగి చెప్పారు.

ఎర్రయ్య నా మేనత్త కొడుకు. నాకంటే మంచి వేటగాడు. కొత్త మరబోటుకు అతన్నే సరంగుగా పెట్టుకుంటానని బోటు యజమాని అన్నాడు. బోటు నడిపేవాడంటే పేటలో ఎంత మర్యాదో! నాకు కడుపు మండింది. ఆ వారమే నాకు జ్వరం తగిలి, నా వల సముద్రంలో ఉండిపోయింది. చీకట్లో లాంతరు పట్టుకుని, తెప్ప మీద వెళ్లి, ఎర్రయ్యే దాన్ని తెచ్చిచ్చాడు. మర్నాడు పొద్దున నేను ఠాణాకు వెళ్లాను. సముద్రంలో ఎవరికో దీపంతో సైగ చేశాడని చెప్పాను. ఎవరి వల కోసం వెళ్లాడో చెప్పలేదు. దేశభక్తుడివి అంటూ జమేదారు నా భుజం తట్టాడు. అప్పుడు నాకు సంతోషం కలిగింది. అదీ ఒప్పుకోవాలి.

యుద్ధం గెలిచాం. మిఠాయిలు పంచాం. నా మాట మీద పోలీసులు పట్టుకుపోయిన ఎర్రయ్య చాలా నెలలకు జైలు నుంచి తిరిగొచ్చాడు. ఠాణాలో కొట్టిన దెబ్బలకు కుడి మణికట్టు వంకరపోయింది. ఇక వల లాగలేడు. అప్పటికి సరంగుని నేనే. ఒడ్డున నా పక్కన కూర్చుని అడిగాడు.

"నాను నీ వల కోసరం ఎల్లానని నీకు తెల్దేటి బావా? ఆ ముక్క సెప్పుంటే నన్నొగ్గేద్దురు కదా?"

"బయమేసింది బావా."

"పోన్లే. ఎవుడికైనా బయమే. నా మీద సెప్పినోడెవుడో తెలిస్తే బావున్ను."

"ఎవుడో టౌనోడై ఉంటాడు."

"యుద్దం కదా! ప్రధానమ్మ మాత్రం ఏటి సేత్తాది? ఆయమ్మకి మనవెవులమో తెలుసేటి?"

భయపడి ఊరుకున్నాననుకుని, నేను చెయ్యని తప్పుకు నన్ను క్షమించాడు. చేసిన తప్పు నాదని అతనికి తోచనే లేదు.

తర్వాత ఎన్నేళ్లో ప్రధానినే తిట్టుకున్నాను. ఆవిడ మాటలు మమ్మల్ని అలా రెచ్చగొట్టకపోతే నేను ఠాణా మెట్లెక్కేవాణ్ణా అని. ఆవిడ ఎన్నికల్లో ఓడినప్పుడు లోలోపల సంబరపడ్డాను, పోయినప్పుడు అందరితో కలిసి ఏడ్చాను. ఏది నిజం? రెండూ కాదేమో. దేశాన్ని నడిపిన మనిషి ధైర్యాన్ని నా పిరికితనానికి ముసుగుగా కప్పుకున్నాను. యుద్ధం లేకపోతే ఇంకో సాకు వెతుక్కునేవాణ్ణి.

ఎర్రయ్య ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు కాపలా కాస్తూ ముసలివాడయ్యాడు. పోయినేడు చనిపోయాడు. చివరిదాకా నన్ను బావా అనే పిలిచాడు. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అతని కొడుకు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నిజం నోటిదాకా వచ్చింది. బయటికి రానివ్వలేదు.

క్షమించమని అడగను. క్షమించే హక్కున్నవాడు లేడు. ఎర్రయ్యను పట్టించింది నేను. ఈ ఒక్క వాక్యం బయటపెట్టడానికి ఒక జీవితం పట్టింది.