గురువారం ఇంటి పద్యం

మా పావగడలో ఎండకు కూడా విలువ ఉంటుందని కొత్తగా తెలిసిన రోజులవి. అంతవరకూ ఎండ అంటే మాకు వేరుశెనగను మాడ్చేది, బావులను తాగేసేది, అంతే. ఉన్నట్టుండి తాలూకాలో ఒక మూల కనుచూపు మేర నల్లటి సోలార్ పలకలు పరుచుకున్నాయి. ఊళ్ళో లాడ్జీలు నిండిపోయాయి. హోటళ్ళలో రాగిముద్ద పక్కన చపాతీ వచ్చి కూర్చుంది. ఆ పలకల పుణ్యమా అని నాకూ ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. బెంగళూరు నుంచి వచ్చిన మేనేజరు మాటను రైతులకూ, రైతుల కోపాన్ని మేనేజరుకూ చేరవేయడమే నా పని. (మాది కర్ణాటకే, మా రైతులందరికీ కన్నడం బాగా వచ్చు. కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. దాన్ని దారిలో కొంచెం చల్లార్చి చేరవేసేవాణ్ణి కాబట్టి ఆ ఉద్యోగంలో నిలబడ్డాను.)

ఉద్యోగం వచ్చిందన్న ధైర్యంతో మావాళ్ళు పిల్లను చూశారు. గానుగ వీధిలో ఎర్రతలుపుల ఇల్లు. పిల్ల నాకు చూడగానే నచ్చింది. నేను పిల్లకు నచ్చానో లేదో అడిగే ధైర్యం చాలలేదు. ఆ ఇంట్లో అందరికీ పైన ఒక అవ్వ ఉండేది, పిల్లకు నాయనమ్మ. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "సోలారు పని అంటే ఎండలో నిలబడేదే గదప్పా? దానికి జీతం గూడా ఇస్తారా?" అంది. తాంబూలాలు మార్చుకున్నాక కూడా ఆమె నా వైపు సంతలో ఎద్దును చూసినట్టే చూసేది. "ఆ అవ్వ వద్దంటే ఆ ఇంట్లో పొయ్యి గూడా మండదు. పెండ్లి అయ్యేదంకా నోరు మూసుకోనుండు" అని మా అమ్మ నాకు రోజూ చెప్పేది. నేనూ అలాగే ఉందామనుకున్నాను. ఉండనిస్తే కదా.

ఒకరోజు మేనేజరు పిలిచి, వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి కొందరు పెద్దలు కుటుంబాలతో వస్తున్నారని చెప్పాడు. పలకలు చూడటానికి అరగంట చాలు, మిగతా పూట ఏం చూపించాలి? వాళ్ళకు సాహిత్యమంటే ఇష్టమట. బెంగళూరులో పేటపేటకూ నడుస్తూ, ఇక్కడ ఫలానా కవి ఉండేవాడు, ఇక్కడ కాఫీ తాగేవాడు అని చెప్పుకుంటారట. "మీ ఊరికి అలాంటి చరిత్ర ఏమైనా ఉందా, లేక ఎండ ఒక్కటేనా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు రోషం వచ్చింది. "ఎందుకు లేదు సార్, వీధివీధికీ ఉంది" అనేశాను. అనేశాక గుర్తొచ్చింది, ఆ ఉన్న చరిత్ర ఎలాంటిదో.

మా ఊరి సాహిత్యమంతా ఒక్క మనిషిది. ఆయన్ను అందరూ వారాల తాత అనేవారు. మా తాతల కాలంలో నాగలమడిక వైపు నుంచి ఏటి ఇసుక దాటి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలకు అరుగుల మీద అక్షరాలు దిద్దించేవాడు. పెళ్ళాం బిడ్డలు లేరు. వారానికి ఒక్కో రోజు ఒక్కో వీధిలో ఒక్కో ఇంట్లో భోజనం. సోమవారం బండవీధి, మంగళవారం సంతవీధి, అలా. శనివారం మాత్రం శనిమహాత్ముడి పేరుతో ఒక్కపొద్దు, ఊరికి సెలవు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఆ రోజు తిండి మీద ఒక పద్యం చెప్పి మరీ లేచేవాడు. ఒక్కటీ పొగడ్త కాదు, అన్నీ తిట్లే. నిడుగల్లులో ఉండే మా తాత ఆ పద్యాలను వేరుశెనగ కాయలు ఒలుస్తూ, మధ్యలో నవ్వలేక దగ్గుతూ నాకు నేర్పాడు. కాబట్టి మా ఊరి సాహిత్య చరిత్ర చెప్పాలంటే ఏ వీధిలో ఏ కూర పాడైందో చెబితే చాలు. (ఇంత రుచికరమైన చరిత్ర ఇంకే ఊరికీ ఉండదు.)

ఇంతకీ నాకు చెమటలు పట్టించింది గురువారం. గురువారం భోజనం గానుగ వీధిలో, ఎర్రతలుపుల ఇంట్లో. అంటే మా కాబోయే అత్తగారింట్లో. దాని మీద వారాల తాత చెప్పిన పద్యం అన్నింట్లోకీ ఘాటైనది. దాన్ని ఆ అరుగు ముందు నిలబడి, బెంగళూరు వాళ్ళ ఎదుట, ఆ అవ్వ వింటుండగా చదివితే ఇక నా పెళ్ళి పలకల మీద పోసిన నీళ్ళే. పోనీ ఆ వీధి వదిలేద్దామా అంటే, సంతవీధి నుంచి ముందుకు పోవడానికి అదే దారి. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తోచిన ఉపాయం ఒక్కటే: ఆ ఇంటి ముందు వేగంగా నడవడం.

ఆదివారం పొద్దున్నే టోపీలు, నల్లకళ్ళద్దాలు, నీళ్ళసీసాలతో అతిథులు దిగారు. ముందు బండవీధి. సోమవారం ఇంటి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పులు ఏ వైపు నుంచి వస్తాయో చూసుకుంటూ మొదలుపెట్టాను:

ముద్ద దొర్లి పోయి మూలబండను దాకె
బండ పగిలె ముద్ద పగుల దయ్యె

కన్నడంలో అర్థం చెప్పేలోపే ఆ ఇంటి పెద్దాయన బయటికొచ్చాడు. తిడతాడనుకుంటే, "రాండి సార్, రాండి. ఇదో, ఇదే ఆ బండ" అని మూలనున్న పగిలిన బండ చూపించాడు. అతిథులు ఒకరి తర్వాత ఒకరు దాని మీద చెయ్యి వేసి ఫోటోలు దిగారు. (అది మా చిన్నప్పుడు ట్రాక్టరు తగిలి పగిలిందని ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.) సంతవీధిలో మంగళవారం ఇంటావిడ ఇంకా నయం. "పులుసులో ఉప్పెక్కువని తిట్టినాడంట గదా? ఇప్పుడూ ఎక్కువే వేస్తాం, తిని చూడండి" అని అందరికీ చేతిలో పులుసన్నం పెట్టింది. బుద్ధి ఉన్నవాడికి అక్కడే విషయం అర్థమయ్యేది. నా బుద్ధి అప్పటికే గానుగ వీధి మలుపులో నిలబడి వణుకుతోంది.

మలుపు తిరిగాం. నేను తల వంచుకుని, పరుగుకు కొంచెం తక్కువగా నడిచాను. అతిథులు ఆయాసపడుతూ వెంటపడ్డారు. ఎర్రతలుపులు దాటాం. హమ్మయ్య అనుకున్నానో లేదో, వెనకనుంచి వినబడింది.

"ఏమప్పా అల్లుడా! మా ఇల్లు కండ్లకు కనపడలేదా?"

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. తెల్లచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పొద్దున్నుంచీ మా కోసమే కాచుకున్నట్టు.

"అది కాదవ్వా, టైమవుతాంది..."

"బండవీధిలో పద్యం చెప్పినావంట. సంతవీధిలో చెప్పినావంట. మాది యాడికి పోయె?"

నోరు మూసుకుని ఉండమన్న మా అమ్మ మాట ఆ క్షణంలో విని ఉండాల్సింది. నేను అతితెలివికి పోయి, "మీది శనివారం ఇల్లేమో అవ్వా. ఆ దినం తాత ఒక్కపొద్దు గదా. అందుకే పద్యం లేదు" అన్నాను.

అవ్వ లేచి నిలబడింది. "శనివారమా? అంటే మా ఇంట్లో ఆయప్పకు కూడు పెట్టలేదంటావా? ఊరంతా పెడితే మేం తలుపేసుకున్యామంటావా?" ఆ గొంతుకు లోపలినుంచి మామగారు, ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు అందరూ వచ్చేశారు. తలుపు సందులోంచి పిల్ల కూడా చూస్తోంది. "తిట్టు ఉండాదంటే అన్నం పెట్టినట్టప్పా. పద్యం లేదంటే పెట్టలేదనే గదా? వచ్చినోళ్ళ ముందర మా ఇంటి మానం తీస్తివే!" అంది అవ్వ. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నాకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. నేను తిట్టుకు భయపడి దాచినది ఆ ఇంటికి మిగిలిన గొప్ప.

"ఉండాదవ్వా, ఉండాది. మాది గురువారమే" అన్నాను. (తొందరలో 'మాది' అనే వచ్చింది.)

"అయితే చెప్పు. గట్టిగా చెప్పు."

కళ్ళు మూసుకుని చెప్పాను:

చల్ల పోసె నత్త చందురుం డగుపించె
నాదు మూతి దాన నవ్వుచుండె
పెరుగు పేరు విన్న పెద్దమ్మ కోపించు
తీపి బావి నీళ్ళు దీనికన్న

కళ్ళు తెరిచి చూస్తే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఆ పెద్దమ్మ మా అత్తనే. గరిటెడు మజ్జిగ పోసి లోపలికి పోయేది. నేనప్పుడు కొత్త కోడల్ని. ఆయప్ప కడుపు నిండల్ల గదా అని, ఆమె చూడకుండా చెంబెడు నీళ్ళు కలిపిందాన్ని నేనే. అందుకే పద్యం చెప్పేటప్పుడు ఆయప్ప నా దిక్కు చూసి నవ్వేవాడు" అంది. నేను ఇదంతా కన్నడంలో చెబుతుంటే, అతిథుల్లో ఒకావిడ నల్లకళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ వెంట వచ్చిన మేనేజరు మాత్రం మా ఊరి మీద మళ్ళీ నవ్వలేదు.

తర్వాత లోటాల్లో మజ్జిగ వచ్చింది. తెచ్చింది పిల్ల. పద్యంలో చెప్పినట్టే ఉంది, ఏ మార్పూ లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అవ్వ అడిగింది: "ఎట్లుండాదప్పా?"

బాగుందంటే అబద్ధం, బాలేదంటే పెళ్ళికే ఎసరు. లోటాలోకి తొంగి చూశాను. నడినెత్తికి వస్తున్న ఎండ అందులో తళతళ మెరుస్తోంది. "తాతకు చంద్రుడు కనపడినాడంట అవ్వా. నాకు సూర్యుడే కనపడుతుండాడు. ఇందులో ఒక పలక పెడితే కరెంటు వస్తాది" అన్నాను.

అవ్వ అరుగు మీద చతికిలబడి, ఊపిరాడక నవ్వింది. తేరుకుని, మామగారి వైపు తిరిగి, "తిట్టినాడు. ఇంక మనోడే. లగ్నం పెట్టించు" అంది. నా గుండెల మీంచి బండ దిగిపోయింది. తలుపు వెనక పిల్ల కూడా నవ్వుతోందని గాజుల చప్పుడు చెప్పింది. అప్పటికి గానీ నేను ఆమెకు నచ్చానని నాకు నమ్మకం కలగలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. మా ఇంట్లో మజ్జిగ మాత్రం అలాగే ఉంది. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు భోజనానికి వచ్చారు. ప్రతి వంటకూ "సూపర్ ఆంటీ" అని పొగిడి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. మా ఆవిడ విస్తళ్ళు ఎత్తుతూ, "ఒక్కరూ వంక పెట్టలే. కడుపునిండా తిన్యారో లేదో" అని దిగులుపడింది. ఆ మాట వింటే నాకు ఆ ఎర్రతలుపుల ముందు తల వంచుకుని పరుగెత్తిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా ఖాళీ లోటా ఎత్తి చూపి, "ఈరోజు మజ్జిగలో నా మూతి కూడా కనపడలేదు, మరీ చిక్కగా చేశావే" అన్నాను. తిట్టు చాలా పేలవంగా ఉంది, వారాల తాత వింటే సిగ్గుపడేవాడు. అయినా ఆమె నవ్వి, ఇంకో లోటా పోసింది.